నూరేళ్ళ బడికి ఒక పెట్టె

బెల్‌నాప్ పబ్లిక్ హైస్కూలుకు చరిత్ర ఉందన్న సంగతిని, ఆ బడికి నూరేళ్ళు నిండిన ఏడాది సెప్టెంబరులో, ఒక మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి స్పీకర్లలో అధికారికంగా ప్రకటించారు.

"విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, బాతులారా" అని మొదలుపెట్టారు సూపరింటెండెంట్ డాక్టర్ రాండల్ వికర్‌షామ్. బెల్‌నాప్ ఫుట్‌బాల్ జట్టు పేరు పోరుబాతులు. అందుచేత ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు పోయేదాకా బాతులే. "1926లో మన పెద్దలు బడి ముందు ఒక పెట్టె పాతిపెట్టారు. దాన్ని పూర్వవిద్యార్థులంతా వచ్చే హోమ్‌కమింగ్ శుక్రవారం నాడు రాష్ట్ర సెనేటర్ గారి చేతుల మీదుగా తెరుస్తాం. అదే రోజు మన హెరిటేజ్ హాలు ప్రారంభోత్సవం. దానికోసం ఎంతో దూరదృష్టితో లైబ్రరీని ఖాళీ చేయిస్తున్నాం. పుస్తకాలు బేస్‌మెంటులో క్షేమంగా ఉంటాయి. ఈరోజు లంచ్‌లో చికెన్ నగ్గెట్లు."

తన లైబ్రరీ పోతోందని లైబ్రేరియన్ ఎల్డన్ క్రూగర్‌కి తెలిసింది అప్పుడే, సెనేటర్‌కీ నగ్గెట్లకీ మధ్యలో.

ఎల్డన్ ఆ గదిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. భార్య లొరెయిన్ పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో గడవని పొద్దు ఈ గదిలో గడిచేది. వాన వస్తే ఎన్‌సైక్లోపీడియాల పక్కన కప్పు కారేది. అక్కడ పచ్చటి పాచిపట్టిన తొట్టి ఒకటి ఉండేది. అతను ఉద్యోగంలో చేరేనాటికే అది అక్కడ ఉంది. చుక్క పడుతుంటే గదిలో ఇంకెవరో ఉన్నట్టుండేది. అందుకని కప్పు మీద అతనికి కోపం లేదు గాని, ఏటా ఒక అర్జీ మాత్రం పెట్టేవాడు. పుస్తకాలు తడుస్తాయి కదా.

"సార్, బేస్‌మెంటులో నీళ్ళు నిలుస్తాయి కదా?" అంది మారిట్ లిండ్‌క్విస్ట్. పన్నెండో తరగతి పిల్ల, బడి పత్రికకు ఎడిటరు.

"మోకాలి దాకానేనమ్మా" అన్నాడు ఎల్డన్. "పై అరల్లో పెట్టినవాటికి ఫర్వాలేదు."

శతాబ్ది కమిటీ గురువారం సమావేశమైంది. ఆ దేశంలో చాలా బళ్ళలో లాగే బెల్‌నాప్‌లో కూడా చరిత్ర పాఠం చెప్పేది ఫుట్‌బాల్ కోచ్. కాబట్టి చరిత్రకు సంబంధించిన బాధ్యత యావత్తూ కోచ్ బడ్ హాలర్‌సన్ మీద పడింది.

"నూరేళ్ళలో మనం సాధించిన గొప్పవి చెప్పండి కోచ్" అన్నారు వికర్‌షామ్.

"1957లో స్టేట్ చాంపియన్లం సార్."

"భేష్. ఎంత తేడాతో?"

"అవతలివాళ్ళ బస్సు మంచులో ఇరుక్కుపోయింది సార్. వాళ్ళు రాలేదు."

"గెలిచామా లేదా?"

"మూడు గంటలు గ్రౌండ్‌లో నిలబడి గెలిచాం."

"రాసుకోండి. వాతావరణానికి వెరవని బాతులు. పేరుపడ్డ పూర్వవిద్యార్థులు?"

"ఎర్నీ టాల్‌బాట్ అని, వాషింగ్టన్ దాకా వెళ్ళాడు సార్."

"సెనేట్‌కా?"

"కోర్టుకి."

"వాషింగ్టన్ అని రాయండి చాలు."

ఎల్డన్ చెయ్యెత్తాడు. "సార్, లైబ్రరీ కప్పు కారుతోంది. హెరిటేజ్ హాలు చేసినా, అలాగే ఉంచినా ముందు దాని సంగతి..."

"చూడండి ఎల్డన్" అన్నారు వికర్‌షామ్ ఎంతో ఓర్పుతో. "కప్పు భవిష్యత్తుకు సంబంధించిన విషయం. ఈ కమిటీ గతానికి సంబంధించినది. కప్పుకి వేరే కమిటీ ఉంది."

"అది మళ్ళీ ఎప్పుడు కూర్చుంటుంది సార్?"

"ఎలా కూర్చుంటుంది? మెంబర్లందరూ రిటైరైపోయారు."

ఎల్డన్ చెయ్యి దించేశాడు. తిరిగి వస్తుంటే క్యాంటీన్ డోరతీ అతన్ని పిలిచి, ఒక ఓట్‌మీల్ కుకీని కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. అడగకపోవడం కుకీ కన్నా బాగుంది.

సోమవారం తవ్వకాలు మొదలయ్యాయి. వడ్రంగం క్లాసు పిల్లలకు పారలిచ్చి, ఆ పనికి 'చేతులారా చరిత్ర' అని పేరుపెట్టి, మార్కులు కూడా ప్రకటించారు. ముఖద్వారం ముందు పచ్చిక తవ్వితే కుక్క ఎముకలు దొరికాయి. అవి తమవని బయాలజీ వాళ్ళు పట్టుకుపోయారు. ప్రిన్సిపాల్ గారు కారు పెట్టుకునే చోట తవ్వితే మంచినీళ్ళ గొట్టం తెగింది. ఒంటిగంటకల్లా బడి మూసేసి పిల్లల్ని ఇళ్ళకు పంపారు. చరిత్ర మీద విద్యార్థులకు అంత అభిమానం అంతకుముందెన్నడూ కనబడలేదు. మర్నాడు అరవైమంది తమ పారలు తామే తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ గ్రౌండ్ తవ్వుదామనేసరికి మాత్రం కోచ్ యాభై గజాల గీత మీద అడ్డంగా పడుకున్నాడు.

పెట్టె దొరకలేదు.

"దొరక్కపోవడం పెట్టె లోపం. మన లోపం కాదు" అని వికర్‌షామ్ కమిటీకి ధైర్యం చెప్పారు. "మనం మన పని చేద్దాం."

పని చకచకా సాగింది. వడ్రంగం క్లాసు దేవదారు చెక్కతో ఒక పెట్టె చేసి, పాతగా కనబడాలని దాన్ని సైకిలు గొలుసులతో కొట్టి, క్యాంటీన్ కాఫీలో నానబెట్టింది. ఇంగ్లీషు క్లాసుకి '1926 నుంచి 2026కి ఉత్తరం' అని అసైన్‌మెంట్ ఇచ్చారు. ఒక కుర్రాడు, 'మాకింకా వైఫై రాలేదు. అయినా సంతోషంగానే ఉన్నాం' అని రాశాడు. కమిటీ ఏకగ్రీవంగా ఎంపిక చేసినది మారిట్ రాసిన ఉత్తరం. 'నూరేళ్ళ తరువాత ఈ బడిని దూరదృష్టి కలిగిన ఒక పొడగరి మహానుభావుడు నడుపుతాడని మా మనసు చెబుతోంది' అని ఉంది అందులో. వికర్‌షామ్ ఐదడుగుల మూడంగుళాల మనిషి. ఆ వాక్యం దగ్గర ఆయన కొంచెంసేపు ఆగి, ఉత్తరాన్ని టీలో ముంచమన్నారు.

"ఇలా ఎందుకు రాశావమ్మా?" అని అడిగాడు ఎల్డన్.

"కాలేజీకి నా రికమెండేషన్ మీద ఆయనే సంతకం పెట్టాలి సార్."

"పొడగరి అని?"

"మంచి కాలేజీకి అప్లై చేస్తున్నాను సార్."

హోమ్‌కమింగ్‌కి రెండు రోజుల ముందు వాన పట్టుకుంది. ఎల్డన్ పుస్తకాలను అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. బడి శుభ్రం చేసే గస్ నొవాకీ తొట్టి ఖాళీ చేయడానికి వచ్చాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి నీళ్ళు వంపుతుంటే తొట్టి జారి తలుపుకి కొట్టుకుంది. పాచి పెచ్చు ఒకటి ఊడింది. దాని కింద రాగి, రాగి మీద చెక్కిన అక్షరాలు.

గస్ కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "'బెల్‌నాప్ హైస్కూలు, 1926. నూరేళ్ళకు తెరవవలెను.' ఎల్డన్, ఇది తొట్టి కాదోయ్."

"అవును."

"మరి నూరేళ్ళకు తెరవమంటే ఇన్నాళ్ళూ తెరిచే ఉంచామే."

ముందు చుక్క నేల మీద పడుతోందని పెట్టెను మళ్ళీ దాని చోట పెట్టేశారు. ఎల్డన్ లైబ్రరీ వస్తువుల వివరాలుండే పాత కార్డుల సొరుగు లాగాడు. ఆ సొరుగులు పారేయమని మూడుసార్లు సర్క్యులర్ వచ్చింది. మూడుసార్లూ అతను మరిచిపోయాడు. తనకు ముందు పనిచేసిన మిస్ అడీలా బ్రాంట్ చక్కటి దస్తూరీతో రాసిన కార్డు అక్కడే ఉంది. 'పెట్టె, రాగి. 1951 మేలో మురుగు గొట్టం వేస్తుండగా బయటపడింది. సూపరింటెండెంటు గారికి తెలియజేశాను. జవాబు రాలేదు. కప్పు కారుతున్నందున వాడుకలో పెట్టాను. మూత పోయింది. లోపలి ఉత్తరం: ఫైళ్ళ బీరువా, రెండో అర.'

రెండో అరలో ఉత్తరం ఉంది. మిస్ బ్రాంట్ ఎక్కడుందని రాస్తే అక్కడ ఉంటుంది. బడి మొదటి సూపరింటెండెంటు సంతకంతో నాలుగే వరుసలు.

'2026 నాటి మిత్రులకు. ఈ బడి కట్టి ఏడు నెలలైంది. లైబ్రరీ కప్పు కారుతోంది. దీని మీద ఒక కమిటీని వేశాం. వచ్చే వేసవిలోగా తప్పక బాగుచేయిస్తాం. మీరు పొడి గదిలో కూర్చుని ఇది చదువుకుంటారని మా నమ్మకం.'

ఎల్డన్ రెండుసార్లు చదివాడు. లొరెయిన్ అయితే పొట్టపట్టుకుని నవ్వేదనిపించింది. గస్ ఏమనుకున్నాడో, ఒక కుర్చీ లాగి అతని వెనక పెట్టి, తను మాప్‌తో నేల తుడవడం మొదలుపెట్టాడు.

ఎల్డన్ ఉత్తరం తీసుకుని వికర్‌షామ్ దగ్గరికి వెళ్ళాడు. ఇది చూస్తే కప్పు బాగవుతుందని, లైబ్రరీ నిలుస్తుందని అతనికి ఎంచేతో నమ్మకం కలిగింది.

"సార్, అసలు ఉత్తరం దొరికింది."

వికర్‌షామ్ చదివారు. వెనక్కి తిప్పి చూశారు. "ఇందులో నా ప్రసక్తి లేదే."

"1926 నాటిది కదా సార్."

"మన ఉత్తరంలో ఉంది. పైగా ఈ కాగితం చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. ఎవరు నమ్ముతారు? మనది మూడు రోజులు టీలో నానింది. పెట్టె ఏదీ?"

"చుక్క కింద ఉంది సార్. వాన తగ్గాక తెస్తాను."

"వద్దొద్దు. ఒరిజినల్ ఆల్రెడీ రెడీ అయింది. మళ్ళీ రెండోది ఎందుకు? జనం తికమకపడతారు."

ఎల్డన్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం కూడా వాన. గురువారం పూలమడిలో పాతిన దేవదారు పెట్టెను కోచ్ హాలర్‌సన్ శుక్రవారం పదింటికి గొడుగు కింద కనుగొన్నాడు. బ్యాండ్ వాయించారు. బయట తడుస్తున్నారని సభను హెరిటేజ్ హాలులోకి, అంటే లైబ్రరీలోకి, మార్చారు. అద్దాల బల్ల మీద 1957 నాటి జెర్సీ, ట్రోఫీ, ఎర్నీ టాల్‌బాట్ వాషింగ్టన్‌లో మెట్లెక్కుతున్న ఫోటో.

సెనేటర్ గ్లోరియా స్టెన్‌హామ్ ఉత్తరం గట్టిగా చదివారు. పొడగరి మహానుభావుడి దగ్గర ఆమె గొంతు వణికింది. అందరూ వికర్‌షామ్‌ని చూశారు. ఆయన మునివేళ్ళ మీద నిలబడి, సభ ముగిసేదాకా దిగలేదు.

అంతలో కప్పు రెండోచోట కారింది. తరువాత మూడోచోట. జెర్సీ రంగు కరిగి అద్దం మీదుగా పారింది. ఒక చుక్క సెనేటర్ గారి జుట్టులో పడి, కాసేపు ఆలోచించి, మెడ మీదికి జారింది.

"హాలు బాగుంది" అన్నారామె. "కొంచెం తడిగా ఉంది."

వికర్‌షామ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అందుకే ఇప్పుడొక చరిత్రాత్మక నిర్ణయం ప్రకటిస్తున్నాను. నూరేళ్ళ చరిత్ర తడవకూడదు. హెరిటేజ్ హాలును జిమ్‌లోకి మారుస్తున్నాం. ఈ గదిలోకి పుస్తకాలనే తెచ్చేయండి."

చప్పట్లు మోగాయి. గస్ అందరికన్నా ముందు కొట్టి అందరికన్నా చివర ఆపాడు.

ఇక 2126 వారి కోసం కొత్త పెట్టె పాతాలి. బయట గొయ్యి సిద్ధంగా ఉంది. పెట్టె తెప్పించడమే అందరూ మరిచిపోయారు. సెనేటర్ గారి కారు హారన్ వాకిట్లో మోగుతోంది. వికర్‌షామ్ చూపు గదంతా తిరిగి ఎన్‌సైక్లోపీడియాల ఖాళీ అరల పక్కన ఆగింది.

"ఆ తొట్టి పనికొస్తుంది. గట్టిగా ఉంది. నీళ్ళు పారబోయండి, పైన ఏదైనా రేకు వేద్దాం."

"సార్, అది..." అన్నాడు ఎల్డన్.

"మీకు కొత్త తొట్టి శాంక్షన్ చేయిస్తాలెండి. ముందు లైబ్రరీ తరఫున ఒక ఉత్తరం రాయండి. ఆశ ఉట్టిపడాలి. ఐదు నిమిషాలే టైము."

ఎల్డన్ కూర్చున్నాడు. జేబులో కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు. 2026 ఉన్నచోట 2126 అని, ఏడు నెలలు ఉన్నచోట నూరేళ్ళు అని మార్చాడు. ఇంకేమీ మార్చవలసిన అవసరం కనబడలేదు. మూడు నిమిషాల్లో అయిపోయింది.

వికర్‌షామ్ చదివి తలూపారు. "కమిటీ, వేసవి, నమ్మకం. అన్నీ ఉన్నాయి. ఎల్డన్, ఇలాంటి ఉత్తరం ఈ బడి చరిత్రలో ఇంతవరకు ఎవరూ రాయలేదు." కింద సంతకం పెట్టారు.

మారిట్ గొడుగు పట్టింది. గస్ పెట్టెను గోతిలోకి దించుతుంటే పాచి ఊడినచోట ఆమె కన్ను పడింది. "సార్, దీనిమీద 1926 అని ఉంది."

"కింద ఏం రాసుందమ్మా?"

"నూరేళ్ళకు తెరవవలెను."

"సరిపోయింది కదా" అన్నాడు ఎల్డన్.

కారు వెళ్ళిపోయింది. ఎల్డన్ అట్టపెట్టెలను మళ్ళీ లైబ్రరీలోకి తెచ్చి, విప్పి, పుస్తకాలు వాటి చోట్లలో పెట్టసాగాడు. ఎన్‌సైక్లోపీడియాల పక్కన నేల తడుస్తోంది. గస్ అటూ ఇటూ చూసి, సభలో మిగిలిపోయిన దేవదారు పెట్టెను తెచ్చి చుక్క కింద పెట్టాడు.

"అంచులు కారుతున్నాయోయ్" అన్నాడు కాసేపటికి.

"నేల తుడిచే బకెట్ ఉందిగా. దానికింద పెడదాం."

బకెట్ మీద పెట్టె, పెట్టెలో చుక్క. చప్పుడు మునుపటిలా లేదు, ముందొకటి, వెనక ఇంకొకటి. గదిలో ఇద్దరున్నట్టుంది. ఎల్డన్ కాసేపు విని, వచ్చే ఏడాది అర్జీ కోసం ఒక తెల్లకాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు.