మధుహారి కంపెనీకి ఒక సాక్ష్యం

ఆ ఆదివారం పొద్దున జీవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో సాక్ష్యాల వేళ లేచి రెండు ముక్కలు చెప్పాలి, ఇంటికొచ్చి భార్య మార్త చేతి చక్కెర టీ ఒక గ్లాసు తాగాలి. అంతే.

మిషన్ బడిలో లెక్కలు చెప్పే జీవరాజుకు చక్కెర జబ్బు వచ్చి మూడేళ్ళయింది. అప్పటినుంచి రాంగోపాల్‌పేట్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో తీపి అన్నది పాటల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. రేషను చక్కెర తెచ్చిన పూటే మార్త దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. పొద్దున్నే ఆసుపత్రివాళ్ళిచ్చిన నీలం నీళ్ళలో అతని మూత్రం నాలుగు చుక్కలు వేసి, దీపం మీద కాచి చూస్తుంది. నీలంగానే ఉంటే మంచి రోజు. ఇటుక రంగుకు తిరిగితే ఆ పూట అన్నంలో రెండు ముద్దలు కోత. జీవరాజుకు కలల్లో మనుషులు రావడం ఎప్పుడో మానేశారు, పాకం వచ్చేది. పెళ్ళయిన కొత్తలో మార్త ఇద్దరికీ ఒకే గ్లాసులో టీ పోసి, ముందు తానొక గుక్క తాగి, తీపి సరిపోయిందో లేదో చూసి అందించేది. ఇప్పుడు అతను అంగలారుస్తున్నది ఆ చక్కెర కోసమా, ఆ గుక్క కోసమా అంటే లెక్కల మాస్టారైనా తేల్చి చెప్పలేడు.

అతన్ని నిలబెట్టేది మిషన్ ఆసుపత్రి ఇన్సులిన్ సూది. ఆ ఏడు, నలభై ఎనిమిదిలో, ఇండియన్ యూనియన్ వాళ్ళు నిజాం రాజ్యంలోకి సరుకు రాకుండా దారులు బిగించారు. మందుల పెట్టె రావడం ఆగిపోయింది. ఉన్న నాలుగు సీసాలకు నర్సు డోరా పేర్లు రాసి పెట్టుకుంది, అందులో ఒకటి జీవరాజుది. పేరు లేక ఎదురుచూసేవాళ్ళ వరస ఇంకా పొడుగు.

ఆ కరువు చూసుకునే తుకారాం సేఠ్ బన్సీలాల్‌పేట్‌లో ‘మధుహారి’ మాత్రల కంపెనీ పెట్టాడు. మెంతులు, కాకర, నేరేడు గింజలు నూరి చుట్టిన గోళీలవి. జీవరాజు మాత్రలూ కొన్నాడు, వాటాలూ కొన్నాడు. రోగిగా అతని అభిప్రాయం, ఆ మాత్ర నాలుకను చేదు చేయడం తప్ప ఒంట్లో మరే పనీ చేయదని. వాటాదారుగా అతని అభిప్రాయం, ఇలాంటి మందు లోకంలో లేదని. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే లాల్చీలో మూణ్ణెల్లుగా పోట్లాడుకోకుండా కాపురం చేస్తున్నాయి.

శనివారం తుకారాం వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. బుధవారం వాటాదార్ల జల్సా, అంటే మీటింగు, ఉందనీ, కంపెనీ మూసేయమంటున్నారనీ మొత్తుకున్నాడు.

“మీ చర్చిల జెర ఒక్క మాట చెప్పుండ్రి సార్, మాత్రతోని ఫాయిదా అయిందని. సదువుకున్నోల్ల మాటకు వజనుంటది.”

జీవరాజుకు కంపెనీ కంటే ముందు టీ గ్లాసు కళ్ళలో మెదిలింది. చర్చిలో నిలబడి చెప్పిన మాటను మార్త అనుమానించదు.

‘కాస్త నెమ్మదిగా ఉంది’ అని చెబుదామనే లేచాడు. అయితే అతనికి ముందు సువార్తమ్మ లేచి, తప్పిపోయిన మేక మల్కాజ్‌గిరి నుంచి తనంతట తాను నడిచొచ్చిన సంగతి చెప్పింది. సంఘమంతా స్తోత్రం స్తోత్రం అంది. అంతటి మేక తర్వాత ‘కాస్త నెమ్మది’ మరీ చప్పగా ఉంటుందనిపించింది. ప్రార్థన వల్లా మధుహారి మాత్ర వల్లా తనకు సంపూర్ణ స్వస్థత కలిగిందని జీవరాజు చెప్పేశాడు. చెబుతుంటే అతనికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పాస్టరు యెషయా అయ్యగారు అప్పటికప్పుడే రోగుల ప్రార్థన పట్టీలో అతని పేరు కొట్టేసి, బుధవారం జీవరాజుగారింట కృతజ్ఞతా కూటం అని ప్రకటించాడు. ఇంటికి రాగానే మార్త నీలం నీళ్ళ సీసా తీసుకెళ్ళి మల్లెచెట్టు మొదట్లో ఒంపేసింది. రేపటికి ఎలాగని అతను గాభరాపడ్డాడు.

“స్వస్థత ఇచ్చినంక మళ్ళ చూసుడంటే దేవుణ్ణి శోధించినట్టేనండీ.”

సరే, ఆ టీ ఏదో పెట్టమన్నాడు. మార్త కొంగుతో కళ్ళొత్తుకుంది. “బుధవారం దాక ఆగుండ్రి. మీకు నెమ్మదైన నాడు సంఘానికంత తీపి పెడ్తనని మొక్కుకున్న. మూడేండ్ల చక్కెర దాచిపెట్టిన. మొక్కు తీరకముందు ఒక్క పలుకు సుత ముట్టగూడదు.”

సోమవారం డోరా వచ్చింది. అయ్యగారు కుర్చీలో, మార్త గుమ్మంలో ఉండగానే అడిగింది.

“మాస్టారూ, మీకింక సూది అక్కెర లేదు గద. ఒకాయన మూడు వారాల సంది తిరుగుతున్నడు, పానం మీదికొచ్చింది. మీ సీసా ఆయనకిస్తా.”

జీవరాజు మార్త ముఖం చూశాడు. మూడేళ్ళలో ఆ ముఖం అంత తేటగా ఎన్నడూ లేదు. “అక్కెర లేదమ్మా” అంది అతని నోరు, అతన్ని అడక్కుండానే.

మంగళవారానికి నాలుక పిడచగట్టుకుపోయింది. కుండలో నీళ్ళు కుండలో ఉండడం లేదు. పిక్కలు లాగుతున్నాయి. బడిలో నిలబడి కూడికలు చెప్పలేక కూర్చుని తీసివేతలు చెప్పాడు. ఇంకో వారం ఇలాగే సాగితే తన పేరు ఏ పట్టీలో రాస్తారో అతనికి తెలుసు. నిజం చెబుదామని వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ మార్త పాట పాడుతూ సేమ్యా వేయిస్తూ కనిపించింది. వెనక్కి తిరిగి వచ్చి, ఇంకో చెంబు నీళ్ళు తాగేవాడు.

బుధవారం సాయంత్రం వాకిలి నిండిపోయింది. ఒక పక్క సంఘం. ఇంకో పక్క కంపెనీ వాటాదార్లు. జల్సా అక్కడికే మార్చి, మందు పనితనం కళ్ళారా చూడమని తుకారాం వాళ్ళను తోలుకొచ్చాడు. ప్రార్థనయ్యాక మార్త పాయసం గిన్నె తెచ్చి భర్త చేతిలో పెట్టింది. మూడేళ్ళుగా కలలో చూసిన పాకం, జీడిపప్పు తేలుతూ, పొగలు కక్కుతూ ఎదురుగా ఉంది. అందరూ అతని నోటివంక చూస్తున్నారు.

చెంచా పెదవి దాకా వెళ్ళింది. అప్పుడు చూశాడు. మార్త చేతిలోనూ ఒక గిన్నె ఉంది. తినకుండా నిలబడి ఉంది.

“తినుండ్రి మాస్టారూ” అంది సువార్తమ్మ. “మీరు తింటేగాని అక్క తినదు. మీరు మానేసిన నాటి సంది ఆమె సుత తీపి ముట్టలే.”

జీవరాజు చెంచా దించేశాడు.

“నాకు నెమ్మది కాలేదు మార్తా. అబద్ధం చెప్పిన.”

మార్త అతని చేతిలోంచి గిన్నె తీసుకుంది, తిట్టలేదు. కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. మంగళవారం నుంచి కుండ ఎందుకు ఖాళీ అవుతున్నదో ఆమెకు అప్పుడు తెలిసినట్టుంది.

డోరా ముఖం మాత్రం పాలిపోయింది. “మరి సీసా...” అంటూ వాటాదార్ల వైపు తిరిగింది. అక్కడ తుకారాం, చెంచా ముట్టని పాయసం గిన్నె బల్ల కిందికి తోసేసి, కాలితో చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“సేఠ్, సీసాల ఎంత మిగిలింది?” అని అడిగింది డోరా.

“సగం” అన్నాడు తుకారాం తల ఎత్తకుండా.

వాటాదార్లలో అందరికంటే ఎక్కువ వాటాలున్న బట్టల బిక్షం నిదానంగా లేచాడు. “గట్లయితే మాత్రలెవరికి సేఠ్?”

“అవి అమ్మెటందుకు, బిక్షం.”

జనం వెళ్ళిపోయాక, ఊడ్చినట్టున్న పాయసం గుండిగ పక్కన కూర్చుని జీవరాజు, నువ్వెందుకు మానేశావని భార్యను అడిగాడు.

“ఒక్కదాన్నే తాగితే రుచేముంటదండీ” అంది మార్త. అతను ఆ మాటను చాలాసేపు నోట్లో ఉంచుకున్నాడు.

మర్నాటి నుంచి మిగిలిన సగం సీసా జీవరాజు, తుకారాం ఇద్దరికీ. ఒకరోజు ఒకరికి, మర్నాడు ఇంకొకరికి. పదిహేను రోజుల్లో యూనియన్ సైన్యం వచ్చింది, దారులు తెరుచుకున్నాయి, మందుల పెట్టె రైలు దిగింది. మిగతా వాటాదార్లందరూ కాగితాలు తుకారాం మొహాన కొట్టి పోయారు. ఆసుపత్రి బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని వంతు కోసం చూస్తుండగా, కంపెనీ ఎత్తేయాలన్నా ఒకసారి జల్సా పెట్టక తప్పదనీ, ఇప్పుడు మిగిలిన వాటాదార్లు మనమిద్దరమేననీ తుకారాం విచారంగా చెప్పాడు.

జీవరాజు చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, అయితే కోరం ఉంది, షురూ చేయమన్నాడు.