ఓడమనిషికి బట్టలు

ఆ ఆదివారం పొద్దున రామ్‌కిషన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల బస్సుకు శరణప్ప దిగుతాడు. అతన్ని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ఒక ప్యాంటు గుడ్డ, ఒక చొక్కా గుడ్డ చేతిలో పెట్టాలి. రెండు బక్ష్యాలు తినిపించి మధ్యాహ్నం బస్సుకు హుమ్నాబాద్ పంపించేయాలి. జహీరాబాద్ బజారులో పదిహేనేళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్న మనిషికి ఒక జత గుడ్డలు పోతే ప్రాణం పోదు. అంతకుమించి పోతేనే కష్టం. పెండ్లిళ్ల సీజన్ ముంచుకొచ్చింది, హైదరాబాదు నుంచి తెప్పించిన సరుకు మూటలు ఇంకా పూర్తిగా విప్పనేలేదు. ఈ రెండు నెలల అమ్మకంతోనే ఏడాదంతా ఇల్లు గడవాలి.

శరణప్ప ఓడమనిషి. మొన్న మాఘమాసంలో రామ్‌కిషన్, అతని భార్య బాలమణి బొంబాయి నుంచి గోవాకు ఓడలో వెళ్లారు. ఎక్కిన గంటకే బాలమణికి కడుపులో తిప్పడం మొదలైంది. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు వేసుకున్న ఒకతను పరుగున వచ్చి ఆమెకు నిమ్మకాయ ఇచ్చాడు, తల పట్టుకున్నాడు. రామ్‌కిషన్ చెయ్యి చూపిస్తే నీళ్లు తెచ్చాడు, మళ్లీ చూపిస్తే పరుపుచుట్ట మోశాడు, చివరికి ఆమె కక్కింది కూడా కడిగాడు. దిగేటప్పుడు జనమంతా ఓడ నౌకర్ల చేతుల్లో రూపాయో రెండో పెడుతున్నారు. రామ్‌కిషన్ కూడా జేబులో చెయ్యి పెట్టబోతే బాలమణి ఆపింది.

"తల పట్టుకున్నోనికి బక్షీసు పడేస్తవా? అన్నదమ్ముని లెక్క చేసిండు. ఇంటికి పిలిచి బట్టలు పెడత," అని అక్కడికక్కడే చిరునామా రాయించి అతని చేతికిచ్చింది.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. "సార్, మీరు చేసిన మేలు మరువలేను. హైదరాబాదులో పని చూసుకుని ఇంటికి పోతూ ఆదివారం మిమ్మల్ని కలుస్తాను" అని ఉంది. తాను చేసిన మేలు ఏమిటో రామ్‌కిషన్‌కు ఎంత ఆలోచించినా తట్టలేదు. పెట్టబోయే బట్టల గురించే ముందుగా రాసి ఉంటాడని సరిపెట్టుకున్నాడు.

దుకాణం అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టే జబ్బార్ లేకపోతే కథ అక్కడే ముగిసేది. ఓడ ప్రయాణానికని రామ్‌కిషన్‌కు ఇత్తడి గుండీల తెల్లకోటు కుట్టింది అతనే. అందువల్ల ఓడల సంగతి తనకు తెలిసినంతగా జహీరాబాద్‌లో ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం.

"సేటు, ఓడల ఒక్కడే ఉంటడా? మీద కప్తాన్ ఉంటడు," అన్నాడు జబ్బార్, దారం కొరుకుతూ. "పెద్దాయన్ను ఇడిసిపెట్టి కిందోనికి బట్టలు పెడితే, రేపు పాపం వాని నౌకరీ ఉంటదా? జర సోంచాయించున్రి."

దుకాణం వెనకే ఇల్లు. లోపల పూర్ణం రుబ్బుతున్న బాలమణికి ఈ మాట వినపడింది. చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చింది.

"అవునయ్యా! మన చెల్లె పెండ్లిల చిన్న బామ్మర్దికి ముందుగాల పెట్టిన్రని పెద్ద బామ్మర్ది మూడేండ్లు మాట్లాడలే. కప్తాన్‌కు ఒక జత తియ్యి."

"కప్తాన్ మనకేం చేసిండే? ఆయన మొఖం గూడ సూడలే!"

"ముంచకుండ తీస్కపోయిండు. సాలదా?"

రామ్‌కిషన్ కత్తెర అందుకున్నాడు. ప్యాంటు గుడ్డ కోసి ఇచ్చాడు. పెండ్లాం ఉన్న మగవాడికి ఒక్కడికే ఎలా పెడతారని బాలమణి కప్తాన్ భార్యకు చీర, రవికె గుడ్డ తీయించింది. అలాగైతే శరణప్ప భార్యకూ తీయాలి. వంటవాడి అన్నం తిన్నారు గదా అని జబ్బార్ గుర్తుచేశాడు. మోకు విసిరేవాడు, కూత వేసేవాడు, దీపాలు పెట్టేవాడు, నిచ్చెన దించేవాడు, ఇంకో ముగ్గురు వరుసగా వాళ్లకు గుర్తొచ్చారు. వాళ్లలో ఎవరికైనా పెండ్లి కాకుండా ఉండొచ్చు గదా అని రామ్‌కిషన్ అడిగితే, "శుభమా అని పెట్టేటప్పుడు గవేం మాటలయ్యా?" అని బాలమణి కోప్పడింది. తొమ్మిదిన్నరకు లెక్క పది జంటల దగ్గర ఆగింది.

 అయినా రామ్‌కిషన్ వ్యాపారి గనక అతనికి ఒక ఉపాయం మిగిలింది. ఇంత మూట మోయలేనని శరణప్ప చేతనే అనిపించి, ఒక్క జంట బట్టలిచ్చి, మిగతావి మళ్లీ బీరువాలోకి ఎక్కించాలి. దానికి అడ్డం ఒకటే. పెట్టే బట్టల అంచుకు పసుపు రాస్తారు. పసుపు పడిన బట్టను తిరిగి దుకాణంలో పెట్టి అమ్మితే కొనేవాడు ఉండడు, బాలమణి అమ్మనివ్వదు.

"ఆయన వచ్చినంకనే పసుపు పెడుదువు. తొందర పడకు," అని రెండుసార్లు చెప్పి బస్టాండుకు వెళ్లాడు.

శరణప్ప బస్సు దిగుతూనే రామ్‌కిషన్ కాళ్లకు మొక్కాడు. అవే తెల్ల బట్టలు, చంకలో కాగితం చుట్టిన పెద్ద పొట్లం.

"ఓడ ఎట్లున్నది?" అడిగాడు రామ్‌కిషన్, నడుస్తూ.

"నాకేమెరుక సార్? మీరే చెప్పాలె."

"కప్తాన్ మంచిగున్నడా?"

"మీకు ఎరుకలేనిది నాకెరుకా సార్!" అని శరణప్ప వినయంగా నవ్వాడు.

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు రామ్‌కిషన్. ఎందుకో మనసులో చిన్న గుబులు మాత్రం పుట్టింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆ గుబులు కాస్తా మరిచిపోయాడు. నడవాలో పది జంటల బట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. ప్రతి అంచుకూ వేలెడంత పసుపు.

"ఆగమన్న గద!"

"మంచి గడియ దాటిపోతున్నది. నీ బస్సు కోసం గడియ ఆగుతదా?" అంది బాలమణి.

శరణప్పను పీట మీద కూర్చోబెట్టారు. బాలమణి బొట్టు పెట్టి, "ఇవి కప్తాన్‌కు, ఇవి ఆయన భార్యకు, ఇవి కూతేసెటాయనకు," అంటూ ఒక్కొక్కటే ఒళ్లో పెడుతోంది. శరణప్ప గడ్డం దాకా బట్టలు వచ్చాయి. వాటి మీదుగా రామ్‌కిషన్ వైపు బెదురుగా చూశాడు.

"సార్, ఇవన్ని మీరే ఇయ్యొచ్చు గద?"

"నేనెట్ల ఇస్త? ఓడల పనిచేసేది నువ్వు!"

"నేనా? నేను హుమ్నాబాద్ బడిల డ్రిల్లు మాష్టర్ని సార్! ఓడల పనిచేసేది మీరు గద!"

అరుగు మీద మిషను చప్పుడు ఆగిపోయింది.

"మరి నేను చెయ్యి సూపిస్తే నీళ్లెందుకు తెచ్చినవు?" అన్నాడు రామ్‌కిషన్.

"ఇత్తడి గుండీల కోటేస్కొని అందరికీ ఆర్డర్లిస్తున్నరు. ఆఫీసరనుకున్న. నాది కింది టికెట్టు. గాలి కోసం మీదికొస్తే మీరేమనలే, ఈడనే పండుకో అన్నరు. ఆఫీసర్‌కు బక్షీసెట్ల ఇయ్యాలె? గందుకే బీదర్‌ల చేయించి తెచ్చిన." శరణప్ప బట్టల కింద నుంచి కష్టపడి పొట్లం లాగి విప్పాడు. నల్లని బిద్రీ పళ్లెం మీద వెండి తీగలు తళుక్కుమన్నాయి.

రామ్‌కిషన్‌కు ఒక్క క్షణం ఆనందమే కలిగింది. కప్తాన్ లేడు, కూత వేసేవాడు లేడు, బట్టలన్నీ బీరువాలోకే. వెంటనే పసుపు అంచులు కనిపించి మొఖం వాడిపోయింది.

బాలమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "జీతానికి కడిగిండనుకున్న తమ్మీ. నీకేం పనిపడి కడిగినవు? నా తోడబుట్టినోడు గూడ ముక్కు మూసుకుంటుండె. నువ్వెవ్వలైతే నాకేంది! మీ ఇంట్ల ఎంతమంది?"

"మేం ఆరుగురు అన్నదమ్ములం అక్కా. నలుగురు అక్కచెల్లెండ్లు. అందరి పెండ్లిళ్లయినయి. అమ్మానాయిన ఉన్నరు."

జబ్బార్ వేళ్లు మడిచి చూశాడు. "పదకొండు జంటలు. ఒకటి తక్కువబడ్డది సేటు."

"పెద్దోళ్లకు తక్కువ పడితే ఎట్ల? కొత్త మూట ఇప్పు," అంది బాలమణి. పెండ్లిళ్ల కోసం దాచిన మూటను రామ్‌కిషన్ తన చేతులతోనే విప్పి, అందులో అన్నిటికంటే మంచి పట్టుచీర, దానికి తగిన ధోవతి తీసి ఇచ్చాడు.

బట్టల మూటలు బస్సు పైకెక్కించాక శరణప్ప కిటికీలోంచి చేతులు జోడించాడు. "దసరాకు ఇరవైఇద్దరం వచ్చి మీకు ఎదురు బట్టలు పెడతం బావా!" సార్ కాస్తా బావ అయ్యాడు. ఇరవైఇద్దరు తెచ్చేవన్నీ తామిద్దరికే గదా, పోయినదాంట్లో కొంతైనా తిరిగొస్తుందని రామ్‌కిషన్‌కు కొంచెం ఊపిరి వచ్చింది.

"వచ్చినోళ్లను వట్టి చేతుల్తోని పంపుతమా?" అంది బాలమణి, బస్సు కదులుతుంటే. "దసరా సరుకు జర ఎక్కువ తెప్పియ్యి."

ఓడలో పనిచేసేవాళ్లకు మాత్రం ఆ ఇంటి నుంచి ఇంతవరకూ ఒక్క నూలుపోగు కూడా అందలేదు.