తలుపు పక్కన బిళ్ళ

ఆ ఉదయం మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తింటి నేలమాళిగ ఊడవాలి, గుమ్మం తుడవాలి, ఇంతవరకు మొహమైనా చూడని పాత కట్టడాల అధికారిణికి నవ్వుతూ ఎదురెళ్ళాలి. కొత్తిల్లంటే నిజానికి ఊళ్ళోకెల్లా పాతిల్లు. గని నడిచిన రోజుల్లో అది మేనేజర్ల వీధి. ఆయన తండ్రి జీవితమంతా బొగ్గు తవ్వి కూడా ఆ గేటు దాటి లోపలికి అడుగుపెట్టలేదు. అదే ఇల్లు ఇప్పుడు కొడుకు కొంటున్నాడు. బేరం కుదిరింది, తాళంచెవి జేబులో పడింది, ఇక అధికారిణి అనుమతే మిగిలింది. ఆవిడ షరతు ఒక్కటే. ఆ ముందు తలుపు మీద గీత పడినా అనుమతి రాదు.

గర్వం పట్టలేక మేస్త్రి, గనిలో తన తండ్రి వాడిన ఇత్తడి బిళ్ళను గుమ్మం పక్క మేకుకు తగిలించాడు. తలుపులోని పాత తాళం తిప్పి, చీపురు కోసం బజారుకు నడిచాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. గనిలోకి దిగేవాడు బిళ్ళ పైన తగిలించి దిగుతాడు, ఎక్కి వచ్చాక తీసుకుంటాడు. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. గని మూతపడ్డా ఆ ఊరివాళ్ళు ఈ సంగతి మరిచిపోలేదు.

పాలు పోసే ఆవిడ బిళ్ళ చూసి తలుపు తట్టింది. పలుకు లేదు. ఆవిడ చెప్పగా ఎదురింటివాళ్ళు, వాళ్ళు చెప్పగా వెనక వీధి పింఛనుదార్లు గడ్డపారలు పట్టుకుని వచ్చేశారు. నేలమాళిగ చూస్తానని అంతకుముందే మాటిచ్చిన బావమరిది అప్పుడే వచ్చాడు. లోపలున్నది బావేనని తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా, పెరట్లోంచి నేలమాళిగలోకి బొగ్గు పోసే కంతలోంచి దూరాడు.

మేస్త్రి చీపురుతో తిరిగొచ్చేసరికి వీధి నిండా జనం. ఆ గుంపులో గుమ్మం పక్క మేకు కూడా కనిపించలేదు. ఏమైందని అడిగితే, కింద ఎవరో చిక్కుకున్నారన్నారు. బావమరిది తప్ప ఇంకెవరు అనుకున్నాడు మేస్త్రి.

ముందు తలుపు ముట్టుకుంటే అధికారిణి ఒప్పుకోదని ఒక పెద్దాయన నసిగాడు.

"మనిషికంటే తలుపెక్కువా? పగలగొట్టండి" అంది ముందు వరసలో ఉన్న ఒకావిడ.

ఇల్లు పోతే పోయిందనుకుని మేస్త్రి తానే భుజంతో గుద్దాడు. తలుపు ఫెళ్ళున విరిగింది. చీకట్లో మెట్లు దిగితే ఎదురుగా ఒళ్ళంతా మసితో ఒక ఆకారం.

"దొరికావా బావా!"

"నువ్వే దొరికావురా."

ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఆ కుదుపుకు మేస్త్రి జేబులోని తాళంచెవి గచ్చు మీద ఖంగుమంది.

తలుపు పగలగొట్టమని, వెనకే దిగొచ్చిన ఆవిడ దాన్ని తీసి చూసింది. "ఇది ఏ తలుపుదండీ?"

బావమరిది పైనున్న విరిగిన తలుపు వైపు వేలు చూపించాడు.

"నేనే పాత కట్టడాల అధికారిణిని" అందావిడ.

ఇల్లు చేజారిపోయిందనే అనుకున్నాడు మేస్త్రి. ఇంతలో, మనిషి దొరికాడని విని పాలావిడ బిళ్ళ తీసుకొచ్చింది. అది వేలాడటం చూసే తాను అందర్నీ పిలిచానంది. అప్పుడు గానీ మేస్త్రికి విషయం బుర్రకెక్కలేదు.

అధికారిణి బిళ్ళను అరచేతిలో కాసేపు తిప్పి చూసింది. "మా నాన్న బిళ్ళ కూడా ఒకరోజు ఇలాగే వేలాడుతూ ఉండిపోయింది. ఈ ఊరే తవ్వి ఆయన్ని పైకి తెచ్చింది. తలుపు పగలగొట్టమన్నది నేను, బాగుచేయించేదీ నేనే. ఇల్లు మీదేనండీ."

పైకొచ్చి చూస్తే ఎవరూ కదల్లేదు, గడ్డపారలతో అలాగే నిలబడి ఉన్నారు. తండ్రిని గేటు బయటే నిలబెట్టిన వీధి ఇవాళ తండ్రి బిళ్ళ కోసం పరుగెత్తుకొచ్చింది. మేస్త్రి ఛాతీ ఉప్పొంగింది, కళ్ళు చెమర్చాయి.

అనుమతిలో అధికారిణి కొత్తగా ఒక షరతు చేర్చింది. బిళ్ళ ఆ మేకుకే ఉండవచ్చు గానీ, ఇంటాయన చీపురు ముందే కొని పెట్టుకోవాలి.