ముప్పై ఒకటో గడి

ప్రపంచంలో ప్రతి పనీ రెండుసార్లు జరుగుతుంది. మొదట కాగితం మీద, వీలు చిక్కితే తర్వాత బయట. ఈ వరస తప్పించి ముందే బయట పని చేసేసుకున్న జాతులు పూర్వం ఉండేవంటారు గానీ, వాళ్ల దగ్గర రసీదులు దొరక్కపోవడం వల్ల ఆ సంగతి రుజువు కాలేదు.

మా ఇంట్లో ఈ సూత్రం తెలిసింది నాకొక్కదానికే. డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి. నాన్న ట్రాక్టరు తోలతాడు, అమ్మ బట్టలు కుడుతుంది. ఇంటికి ఏ కాగితం వచ్చినా ఇద్దరూ దాన్ని నా ముందు పెట్టి, ఎక్స్‌రే చూస్తున్న డాక్టరు మొహం చూసినట్టు నా మొహం చూస్తారు. నా చేతిరాత గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంటుంది. ఈ విషయం నాన్న కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు (అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు).

మా ఇల్లు దాటగానే రోడ్డు మలుపు తిరుగుతుంది. మలుపు లోపలివైపు ముళ్లపొదల కంచె. రెండేళ్లుగా కొట్టకపోవడంతో అది రెండు నిలువుల ఎత్తు పెరిగి, రోడ్డు మీదికి వంగి, వచ్చేపోయే వాహనాల మీద చెయ్యి వేస్తోంది. ఇటునుంచి వచ్చేవాళ్లకి అటు కనపడదు. మొన్నామధ్య స్కూలు బస్సూ పాలవ్యానూ ఎదురెదురుగా వచ్చి, నాలుగు వేళ్ల ఎడంలో ఆగాయి. మర్నాటి నుంచి అమ్మ ఆ మలుపులో నిలబడుతోంది. పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం మూడున్నర నుంచి నాలుగున్నర. నోట్లో ఈల, చేతిలో కర్ర, కర్రకి ఎర్ర లైనింగు గుడ్డ.

"నిన్నెవరు నిలబడమన్నారే?" అన్నాడు నాన్న.

"ఎవరూ అనలేదు. ఆ బస్సు చప్పుడు వినపడితే నా సూది దిగట్లేదు."

అంతటితో ఆ చర్చ ముగిసింది. బస్సు డ్రైవరు కూడా ఇప్పుడు మలుపు ముందు ఆగి, తల బయటపెట్టి "అక్కా, రానా?" అని అరుస్తాడు. అమ్మ ఈల వేస్తే వస్తాడు.

ఆఖరికి పచ్చకంచెల నిర్వహణ కార్యాలయం వారు ఆ కంచె కొట్టమని నాన్నకే ఆర్డరు ఇచ్చారు. చుట్టుపక్కల కంచె మిషను ఉన్నది ఆయన దగ్గరే. ట్రాక్టరు వెనకాల తగిలించే పొడుగాటి ఇనప చెయ్యి అది. కుడిపక్కకి చాస్తుంది, చివర కత్తులు గిర్రున తిరుగుతాయి. ఆర్డరు కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: ట్రాక్టరుకు యంత్రసన్నద్ధత ధ్రువపత్రం పొందిన పిమ్మటే మిషను తగిలించవలెను.

సన్నద్ధత అంటే నాన్నకి కొత్త కాదు. షెడ్డు ముందు చాప పరుచుకుని ఒక్క పూటలో కానిచ్చాడు. మిషను కుడిపక్క వేలాడుతుంది కాబట్టి ఎడమ వెనక చక్రానికి ఇనప దిమ్మలు బిగించాడు. చక్రాల మధ్య ఎడం పెంచి టైర్లలో గాలి చూశాడు. ఆయిలు గొట్టాలని వేళ్లతో తడిమి, ఒక దాన్ని మార్చాడు. ఇంజను నుంచి మిషనుని తిప్పే షాఫ్టు మీది తొడుగు పగిలిందని కొత్తది వేశాడు. కత్తికి తగిలిన రాయి ఎగిరొస్తే మొహాన పడకుండా డ్రైవరు పక్క అద్దానికి గట్టి జాలీ కట్టాడు.

"తల్లీ, మనం తయారు. నీ పని ఎంతవరకొచ్చింది?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

నా పని అప్పటికి ఫొటో దగ్గరే ఉంది. దరఖాస్తు యాప్‌లో పెట్టాలి. ట్రాక్టరు ఫొటో లేత రంగు గోడ ముందు తీయాలి, చూపు సూటిగా ఉండాలి, నవ్వకూడదు. మూడుసార్లు తిరస్కరించారు. హెడ్‌లైట్లు తుడిచి తీస్తే నాలుగోసారి ఒప్పుకున్నారు (అంతకుముందు మొహం ఎలా పెట్టిందో నాకు తెలీదు).

ఆ తర్వాత నలభై నాలుగు గడుల ఫారం. అది చేత్తోనే నింపి కౌంటరులో ఇవ్వాలి. ఏ గడీ ఖాళీగా వదలరాదు, అసత్యం రాయరాదు. ముప్పై గడులు సాఫీగా దాటాను. ముప్పై ఒకటో గడి దగ్గర కలం ఆగింది.

"నాన్నా, 'మలుపు వద్ద ప్రస్తుతం అమలులో ఉన్న భద్రతా ఏర్పాటు' అని అడిగారు."

"ఏమీ లేదని రాసెయ్."

"అమ్మ ఉందిగా?"

"అమ్మ ఏర్పాటా?" అన్నాడు నాన్న. తర్వాత ఎందుకైనా మంచిదని వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "లేదని రాయవే."

"అబద్ధం అవుతుంది నాన్నా. కింద సంతకం నాది."

నేను గుండ్రంగా, కొట్టివేత లేకుండా రాశాను: 'మా అమ్మ.' పక్కన బ్రాకెట్లో వేళలు కూడా రాశాను.

తనిఖీకి పరికర సన్నద్ధతాధికారి స్వయంగా వచ్చారు. ఆయన్ని అందరూ రసమట్టం సారు అంటారు. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే ఆ బుడగ కర్ర ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఇరవై మీటర్లు ముందుచూపు లేని మలుపును ఆఫీసు వాహనం దాటరాదని వాళ్లకో నియమం ఉంది కాబట్టి, జీపు మలుపుకి అవతలే ఆగిపోయింది. సాయంత్రం నాలుగు కావస్తోంది కనక అమ్మ డ్యూటీలోనే ఉంది. ఈల వేసి, గుడ్డ ఊపి, జీపుని జాగ్రత్తగా ఇవతలికి తెచ్చింది. సారు వెనక్కి తిరిగి అమ్మని తృప్తిగా చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. మనిషి మంచివాడే అనుకున్నాను.

రసమట్టం ట్రాక్టరు మీద పెట్టారు. బుడగ పక్కకి జరిగింది.

"ఇదేంటయ్యా, ఎడమకి వాలుతోంది?"

"వాలాలి సార్. కుడిపక్క మిషను వేలాడుతుంది కదా, దాని బరువుకి ఇది సరి."

"మిషనేదీ?"

"షెడ్లో ఉంది సార్. కాగితం రాకుండా తగిలించొద్దని మీరే రాశారుగా."

"అవును, తగిలిస్తే నేరం."

"తగిలించకుండా చూస్తే వాలినట్టే ఉంటుందండీ."

"ఉండకూడదు. సన్నద్ధతలో పక్షపాతం పనికిరాదు. రెండు చక్రాలకీ సమానంగా కట్టు." ఆయన అద్దం వైపు తిరిగారు. "ఈ జాలీ ఏంటి?"

"రాయి ఎగిరొస్తే కన్ను పోతుంది సార్."

"చూపుకి అడ్డం. తీసెయ్."

"కన్ను పోతే చూపెక్కడుంటుంది సార్?"

సారు ఓపిగ్గా ఫారం తిరగేశారు. "చూడు పెద్దాయనా, పంతొమ్మిదో గడిలో చూపు ఉంది. కన్ను ఎక్కడా లేదు." తర్వాత టేపుతో కొలిచి, చక్రాల మధ్య ఎడం రిజిస్ట్రేషను కాగితంలో ఉన్నదానికంటే ఎక్కువుందని అది కూడా కొట్టేశారు.

వారం తర్వాత రెండో తనిఖీ. దిమ్మలు రెండుపక్కలా ఉన్నాయి, చక్రాలు దగ్గరికి వచ్చాయి, జాలీ లేదు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆయన ఆనందం చూడాలి. "ఇదీ ట్రాక్టరంటే!" అని బానెట్టు నిమిరారు. ఈ స్థితి ఇలాగే ఉండాలని నాలుగు చోట్ల సీసపు సీళ్లు వేసి, ధ్రువపత్రం నా చేతికిచ్చి వెళ్లారు. వెళ్లేటప్పుడు కూడా అమ్మే జీపుని మలుపు దాటించింది.

నాన్న ఆ కాగితాన్ని కళ్లకద్దుకోలేదు. షెడ్లోంచి మిషను తెచ్చి, వెనకాల మూడు పిన్నులతో తగిలించి, నన్ను దూరంగా నిలబడమన్నాడు. మా పెరట్లోనే, కత్తులు తిప్పకుండా, ఆ ఇనప చేతిని మెల్లగా కుడికి చాచాడు. సగం చాచాడో లేదో ఎడమ వెనక చక్రం నేలని వదిలి జానెడు లేచింది. గాల్లో మెల్లగా ఓ చుట్టు తిరిగింది కూడా. నాన్న ఇనప చేతిని వెనక్కి లాగి, ఇంజను ఆపి, కిందికి దిగాడు.

"చూశావా తల్లీ? కాగితం నిలబడుతుంది, ట్రాక్టరే పడుకుంటుంది."

అంటే పరిస్థితి ఇది: పడిపోని ట్రాక్టరుకి అనుమతి లేదు, అనుమతి ఉన్న ట్రాక్టరు పడిపోతుంది. కార్యాలయం వారి దృష్టిలో ఇందులో లోపమేమీ లేదు. పడిపోవడం తనిఖీ తర్వాత జరిగే విషయం కనక అది వేరే విభాగం కిందికి వస్తుంది.

నాన్న కట్టింగ్ ప్లయరు తీశాడు. "సీలంటే సీసం ముక్కేగా. నాలుగు తెంపుతా, పాత పద్ధతిలో బిగిస్తా, గంటలో కంచె కొట్టేస్తా."

"వద్దు నాన్నా. సీలు తెంపితే ట్రాక్టరు జప్తు. నేను పైవాళ్లకి రాస్తాను. చదివించింది ఎందుకు మరి?"

మూడేళ్లు నన్ను కాలేజీ దగ్గర దింపిన ప్రతిసారీ ఆయన అన్న మాటే అది. ప్లయరు కింద పెట్టాడు.

నేను సీలు సడలింపు దరఖాస్తు రాశాను. చక్రం లేచిన ఫొటో జతచేశాను (ఫొటోలో ట్రాక్టరు కదిలిందని మొదటిసారి తిరస్కరించారు). బరువు ఎందుకు ఒకే పక్కన ఉండాలో బొమ్మ గీసి బాణాలు పెట్టాను. యాప్‌లో నా దరఖాస్తు పక్కన ఒక చిన్న ఆకుపచ్చ చుక్క వెలిగింది. 'పరిశీలనలో' అని ఉంది. దాన్ని రోజూ పొద్దున చూసి నాన్నకి చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవాడు. కంచె ఇంకో మూరెడు పెరిగింది.

ఒకరోజు వానలో అమ్మ త్వరగా ఇంటికొచ్చింది. చేతిలో సగం కర్రే ఉంది.

"మిగతాదేది?" అన్నాడు నాన్న.

"పాలవ్యాను పట్టుకుపోయింది."

"అంటే?"

"అంటే ఏముంది, ఈల వినపడలేదు వాడికి. కర్ర తగిలింది. నాకు తగల్లేదుగా! అరవకండి." అమ్మ తడి జడ పిండుకుంటూ కుట్టు మిషను దగ్గర ముక్కలు వెతికింది. "ఎర్ర లైనింగు ఇంకాస్త ఉండాలే."

నాన్న లేచి మళ్లీ ప్లయరు తీశాడు. ఈసారి షెడ్డు దాకా వెళ్లాడు. నేను వెనకాలే పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని, ఫోను చూపించాను. చుక్క నారింజ రంగులోకి మారింది. 'తుది దశ. రేపు ఉత్తర్వు.'

"రేపే నాన్నా. ఒక్క రోజు. ఇన్నాళ్లు ఆగాం."

ఆయన ఫోనుని చూడలేదు, నన్ను చూశాడు. "నువ్వు చెబుతున్నావ్ కాబట్టి," అన్నాడు.

కార్యాలయం వారి గురించి ఎవరేమన్నా, మాట తప్పలేదు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ముగ్గురం కూర్చున్నాం. వాళ్లిద్దరూ నా మొహం చూస్తుంటే, నేను పైకి చదివాను.

'దరఖాస్తును సమగ్రంగా పరిశీలించడమైనది. ముప్పై ఒకటో గడిలో దరఖాస్తుదారే స్వయంగా పేర్కొన్న ప్రకారము, సదరు మలుపు వద్ద భద్రతా ఏర్పాటు ఇప్పటికే అమలులో ఉన్నది. తనిఖీ అధికారి రెండు పర్యాయములు సదరు ఏర్పాటు పనితీరును ప్రత్యక్షంగా చూసి సంతృప్తి వ్యక్తం చేసినారు. కావున కంచె కోత అవసరం లేదని తీర్మానించి, ఆర్డరును రద్దు చేయడమైనది. ఏర్పాటుకు 4417 సంఖ్య కేటాయించడమైనది. దీనిని స్థలము నుండి కదిలించరాదు. వర్షాకాలమున తుప్పు పట్టకుండా చూడవలెను. పరిసరముల మొక్కలు ఏర్పాటును కప్పివేయకుండా ఎప్పటికప్పుడు కత్తిరించవలెను. ఇందుకు యంత్రము వాడదలచినచో సన్నద్ధత ధ్రువపత్రము తప్పనిసరి.'

నేను కాగితం మడిచి బల్ల మీద పెట్టాను.

"అంటే ఏంటే?" అంది అమ్మ.

"నువ్వు బాగా పనిచేస్తున్నావని రాశారమ్మా."

"నా పేరు రాశారా?"

"నంబరు రాశారు."

అమ్మ గోడ గడియారం చూసింది. మూడు ఇరవై. కొత్త కర్రకి ఎర్ర గుడ్డ ముడి బిగించి, ఈల మెడలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లింది. నాన్న కూడా లేచాడు. ఇంకో కర్ర తీసుకుని, మలుపుకి అటువైపు నిలబడటానికి. ప్లయరు నా పక్కనే బల్ల మీద ఉంది. ఆయన దానివైపు చూడలేదు.

ఉత్తర్వు ముట్టినట్టు రసీదు ఇవ్వడానికి నేను కార్యాలయానికి వెళ్లాను. కౌంటరు మేడం నన్ను గుర్తుపట్టి నవ్వింది. "నీ ఫారమేనమ్మా ఇది! ఎంత ముద్దుగా నింపావు! ఒక్క కొట్టివేత లేదు, ఒక్క గడి ఖాళీ లేదు. సారుకి తెగ నచ్చేసింది. నమూనాగా అంటించమన్నారు."

నిజమే. అద్దం వెనకాల, అందరికీ కనిపించేలా, నా గుండ్రటి అక్షరాలు నాలుగు వైపులా టేపు వేసి ఉన్నాయి. వాటి ముందు పెద్ద క్యూ. ఒక్కో మలుపు నుంచి ఒక్కో ట్రాక్టరు మనిషి, ఒక చేతిలో ఖాళీ ఫారం, ఇంకో చేతిలో కలం. అంతా శ్రద్ధగా నా ఫారం చూసి, 'మా అమ్మ'తో సహా దించుకుంటున్నారు. ముప్పై ఒకటో గడి దగ్గర మాత్రం ఎవరూ ఆగడం లేదు.