లాల్‌గడి మలక్‌పేట్‌లో మోషన్ కంట్రోల్

ఆ ఆదివారం పొద్దున అమూల్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బహదూర్‌పల్లిలోని తమ గేముల కంపెనీ నుంచి ఆట పెట్టెను కారులో వేసుకోవడం, లాల్‌గడి మలక్‌పేట్‌లో యాదగిరి గారి టీవీకి తగిలించడం, ఆ ఇంటిల్లిపాదీ ఆడుతుంటే తన యజమాని రఘునందన్ కళ్ళారా చూసేలా చెయ్యడం. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని వాళ్ళమ్మకు మాట కూడా ఇచ్చింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. దాన్ని చేసింది వేరే పెద్ద కంపెనీ. దాని రిమోట్ చేత్తో పట్టుకుని ఊపితే చాలు, టీవీలో బొమ్మ కూడా చెయ్యి అలాగే ఊపుతుంది. బొత్తాలతో కుస్తీ పట్టనక్కర్లేదు. బ్యాంకులో రిటైరైన వాళ్ళ నాన్న జానకిరామయ్య, టీవీ పెట్టడానికే మనిషి సాయం అడిగే ఆయన, పంచె ఎగ్గట్టి దాని మీద టెన్నిస్ ఆడి భార్యను ఓడించాడు. ఆ రోజు నుంచీ అమూల్యకు ఆ యంత్రమంటే ప్రాణం. ఏడాదిపాటు కూర్చుని దానికోసం ‘పిట్టల కావలి’ అనే ఆటకు నమూనా తయారుచేసింది. జొన్న చేలో మంచె మీద నిలబడి, వడిసెల తిప్పి రాయి విసిరి పిట్టల్ని తోలడం. రిమోటే వడిసెల.

రఘునందన్‌కు మాత్రం గుబులు. కారు మేడ్చల్ దాటుతుండగా మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఆ పెట్టె అద్భుతం అమూల్యా, కాదన్నవాడికి కళ్ళు లేనట్టే. కానీ కొన్నవాళ్ళు ఆడేది ఎవరి ఆట? పెట్టె చేసినవాళ్ళు దాంతోపాటు ఇచ్చిన ఆట. పక్కన మనం ఎంత బాగా చేసిపెట్టినా దాని మొహం చూడరు. పైగా బొత్తాల ఆటైతే ఒకసారి చేసి అన్ని యంత్రాలకూ అమ్ముకుంటాం. చెయ్యి ఊపే ఆట దీనికి తప్ప ఎందుకూ పనికిరాదు. బొత్తం ఎవరు నొక్కినా ఒకటే నొక్కుడు. చెయ్యి ఒక్కొక్కరు ఒక్కోలా ఊపుతారు."

"అందుకే కదా సార్ అందరూ ఆడగలుగుతున్నారు!"

"అందుకే మనలాంటి బయటి కంపెనీలు జంకుతున్నాయి."

తేల్చాల్సింది యాదగిరి. పొలాల్లో కొన్నిటిని ప్లాట్లు చేసి అమ్మి, ఏదైనా కొత్త వ్యాపారంలో దిగుదామని చూస్తున్న మనిషి. ఆయన భాగస్వామిగా చేరితే పిట్టల కావలి బతుకుతుంది. లేదంటే సోమవారం నుంచి అమూల్య ఫోన్లలో పళ్ళు పేర్చుకునే ఆట చెయ్యాలి.

ఫోన్‌లో ఆమె ఆయనకు అన్నీ వివరంగానే చెప్పాననుకుంది. "మోషన్ కంట్రోల్ మెషీన్ అండీ. మీ ఇంట్లోనే పెట్టి చూపిస్తాం. పెద్దవాళ్ళకు మరీ బాగా నచ్చుతుంది."

"మా అమ్మకు దాని అక్కర మస్తున్నది మేడం. ఇంకో నలుగురిని పిలువాల్నా?"

"ఎంతమందైనా పిలవండి!"

యాదగిరి ఇంటి సందు మలుపు తిరగగానే ఆయన నిలువెత్తు బొమ్మ చేతులు జోడించి కనబడింది. దానికింద బారెడు అక్షరాలు: ‘ఉచిత కడుపు వైద్య శిబిరం. విరేచనాలను అదుపుచేయు అధునాతన యంత్రం. అందరూ ఆహ్వానితులే.’

రఘునందన్ బ్రేకు మీద కాలు వేశాడు. "మోషన్ కంట్రోల్ అని తెలుగులో చెప్పావా, ఇంగ్లీషులో చెప్పావా?"

అమూల్య నాలిక కరుచుకుంది.

వాకిట్లో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీల నిండా ముసలివాళ్ళు. కొందరి చేతుల్లో పాత రిపోర్టుల కవర్లు. కారు ఆగగానే "డాక్టరమ్మొచ్చింది" అని లేచారు. పెట్టె మోసుకుని దిగిన రఘునందన్‌కు ఒకాయన దణ్ణం పెట్టి, "కంపౌండర్ సాబ్, నాకు ముందుగాల చూడుర్రి. పొద్దటికెల్లి పచ్చి మంచినీళ్ళు ముట్టలే" అన్నాడు.

అమూల్య యాదగిరిని గోడ పక్కకు తీసుకెళ్ళి ఉన్నమాట చెప్పేసింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఆటనా? నేను ఊరంత డప్పు కొట్టిచ్చిన గద మేడం! వచ్చే ఎలక్షన్ల నిలవడుతున్న. గిప్పుడు డాక్టర్ లేదంటే నా ఇజ్జత్ ఏం గావాలె? ఇగ ఏం జేస్తరో మీరే జెయ్యుర్రి. పరేషాన్ జెయ్యకుర్రి."

అబద్ధం ఆడడం అమూల్యకు చేతకాదు. అరుగు మీద నిలబడి, "నేను డాక్టర్ని కాదండీ. ఇది మందూ కాదు. చెయ్యీ కాలూ ఆడిస్తే ఒళ్ళు తేలికపడే ఆట. ఇష్టమైనవాళ్ళు ఆడొచ్చు. ముందు అందరూ ఏమైనా తినండి" అంది. చివరి మాట బాగా పనిచేసింది. ఉప్మా వచ్చింది, కోపాలు చల్లారాయి. యాదగిరి గోడంత టీవీని హాల్లోంచి వసారాలోకి మోయించాడు.

అమూల్య పెట్టెతో వచ్చిన ఆటే పెట్టింది. బంతి దొర్లించి గుంజలు పడగొట్టడం. ఉపవాసం ఉన్న పెద్దాయన రిమోట్ అందుకుని గోలీ విసిరినట్టు విసిరాడు. గుంజలన్నీ కూలాయి. టీవీలోంచి చప్పట్లు మోగాయి. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరు కొట్టారో తెలియక టీవీకే దణ్ణం పెట్టాడు.

ఆ తర్వాత ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకావిడ విత్తనాలు జల్లినట్టు విసిరింది, ఒకాయన గొడ్డలితో నరికినట్టు విసిరాడు. అన్నిటినీ ఆ యంత్రం అర్థం చేసుకుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వంతు తప్పకూడదని లేచి నిలబడే ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు ఒకే జట్టులో పడి, గెలిచాక ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. అమూల్య తన సంగతే మరిచిపోయి నవ్వుతూ చూస్తుండిపోయింది. ఎవరో కాని ఇంత మంచి వస్తువు తయారుచేశారు, వాళ్ళ చేతులు చల్లగుండాలి అనుకుంది.

కాసేపటికి గుర్తొచ్చి పిట్టల కావలి పెట్టింది. వసారా అంతా గోల.

"గదెందుకు తీసినవ్ బిడ్డా? గుంజలదే పెట్టు!"

"నా వంతు రాకముందే బంజేస్తవా?"

అందరికంటే పెద్ద గొంతు రఘునందన్‌ది. "అమూల్యా, నా తర్వాత మార్చు, ప్లీజ్!" కంపౌండర్ సాబ్ చొక్కా చేతులు మడిచి వరసలో రెండోవాడిగా నిలబడి ఉన్నాడు.

అమూల్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారులో ఆయన చెప్పిందంతా కళ్ళముందే జరుగుతోంది. ఆట తీసెయ్యబోతుంటే మూలనున్న మంచం మీంచి యాదగిరి తల్లి సత్యమ్మ కేకేసింది.

"ఆగు బిడ్డా! గది జొన్న శేనే గదా? గా పిట్టలు కంకులు బుక్కుతుంటే సూసుకుంట కూసుంటరేంది?"

ఆమె లేచింది. అమూల్య రిమోట్ ఇచ్చి, దాని తాడును మణికట్టుకు తగిలించబోయింది. గాజులకు చిక్కుకుంటోందని సత్యమ్మ తాడు తీసేసింది. వడిసెలను తలచుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఆ తిప్పుడు చూసి దగ్గరున్నవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి నడుం నిటారుగా అయింది. నోటితో ‘హో’ అని పిట్టల్ని అదిలించింది. తను ఏడాదిపాటు తెరమీద ఊహించుకున్న మనిషి ఎదురుగా నిలబడితే అమూల్యకు ఒళ్ళు జలదరించింది.

అయితే రాయి వెళ్ళాలంటే వడిసెల తిప్పినవాళ్ళు సరైన క్షణంలో ఒక కొస వదిలెయ్యాలి. సత్యమ్మ వదిలేసింది.

రిమోట్ రివ్వున వెళ్ళి టీవీ నడిబొడ్డున దిగింది. చేనూ పిట్టలూ ఆకాశమూ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

"పోయినయా?" అంది సత్యమ్మ.

"అన్నీ పోయినయమ్మా" అన్నాడు యాదగిరి.

తిరుగు ప్రయాణంలో షామీర్‌పేట చెరువు దగ్గర రఘునందన్ మెల్లగా అన్నాడు. "ఆ ముసలావిడ చెయ్యి తిప్పుతుంటే నాకూ గుండె ఆగినంత పనైంది. నీ ఆట గొప్పది అమూల్యా. కానీ దానికి ఒక మనిషి లేచింది. పెట్టెవాళ్ళ ఆటకు ఊరంతా లేచింది, నాతో సహా. పళ్ళ ఆట మొదలుపెట్టక తప్పదు."

సోమవారం అమూల్య ఆఫీసుకు వచ్చేసరికి యాదగిరి ఆమె కుర్చీ పక్కన కూర్చుని ఉన్నాడు. టీవీ ఖరీదు అడగడానికే వచ్చాడనుకుని అమూల్య నిలబడిపోయింది.

"టీవీ ముచ్చట ఇడిసిపెట్టు బిడ్డా. మా అమ్మ పొద్దుగాల లేచి చాయ్ సుత తాగకుండ పిట్టల ఆట ఏదిరా అంటాంది. ఊర్ల ఒక్కొక్కరు గా పెట్టె యాడ దొరుకుతదని నా పానం తింటున్నరు. నువ్వు ఆట పూర్తిజెయ్యి. ఖర్సు నేను పెట్టుకుంట."

రఘునందన్ నమ్మలేకపోయాడు. తెలిసి తెలిసి ఆయన్ను ముంచడం ఇష్టంలేక, బయటివాళ్ళు చేసిన ఆటలు ఆ పెట్టె మీద ఎందుకు అమ్ముడుపోవో కారులో చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. యాదగిరి ఓపికగా విన్నాడు.

"మీ ఆట అమ్ముడు వోకపోతే ఏమాయె సార్? పెట్టెలైతే పోతయి గద. మస్తు పోతయి. గంతే సాలు" అని లేచాడు.

ఇందులో ఆయనకేం మిగులుతుందో ఇద్దరికీ అంతుపట్టలేదు. పదిహేను రోజుల తర్వాత ప్రారంభోత్సవ ఆహ్వానం వచ్చింది. యాదగిరి మేడ్చల్ రోడ్డు మీద టీవీల దుకాణం తెరుస్తున్నాడు. పగిలిన టీవీ తెచ్చినవాళ్ళకు కొత్తదాని మీద తగ్గింపు కూడా ఉంది.