దాంపత్య ప్రేమ భుజం మీది మచ్చ

ఆదివారం పూజ ముగించుకుని చర్చి నుంచి రాగానే గోడకు బొమ్మ తగిలించాలి. మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాళ్ల ముందు దాని మీది తెర తీయాలి. పెళ్లిరోజుకు పారిస్‌లో చేతితొడుగుల వ్యాపారి బార్తెలెమీ వేసుకున్న పథకం ఇంతే.

బొమ్మ పేరు "దాంపత్య ప్రేమ". మబ్బు మీద దేవతగా ఆయన భార్య ఒదిల్. భుజాల కిందికి జారిన గులాబీరంగు పట్టు, కాళ్ల దగ్గర విశ్వాసానికి గుర్తుగా కుక్క, ఎగిరిపోకుండా రెక్కలకు రిబ్బను కట్టిన మన్మథుడు. తగిలించి, వెనక్కి జరిగి మురిసిపోతున్న బార్తెలెమీ చూపు దేవత ఎడమ భుజం మీద ఆగిపోయింది. అక్కడ చిన్న నల్లటి పుట్టుమచ్చ!

ఆ మచ్చ ఆయనకు బాగా తెలుసు. చిత్రకారుడు సిల్వెస్త్ర్‌కు ఎలా తెలిసింది?

"ఒదిల్! బొమ్మకు కూర్చున్నప్పుడు ఏం తొడుక్కున్నావు?"

"బూడిదరంగు ఉన్ని గౌను. మెడదాకా బొత్తాలు. ఆయనకు మొహం చాలట, మిగతాది ఊహించుకుంటాడట."

"బాగానే ఊహించాడు!"

"ఆ గొంతేమిటండీ?"

"ఏం లేదు, జలుబు."

అంతలో సిల్వెస్త్ర్ వచ్చాడు. ఇంటి యజమానిని చూసినా మొరిగే వాళ్ల పెంపుడు కుక్క, తోక ఊపుతూ అతని చేయి నాకింది.

"వాడికి తోకెందుకు ఊపుతోంది?" అన్నాడు బార్తెలెమీ.

"రోజూ వచ్చే మనిషికి ఊపదా?"

"రోజూనా!"

"మీరేగా రోజూ రమ్మన్నది!"

అదీ నిజమే. అందుకే ఆయనకు మరింత మండింది.

భోజనానికి పొరుగింటి లేసుల వ్యాపారి గోదార్, భార్య క్లోతిల్ద్‌తో వచ్చాడు. తెర తీయగానే అందరూ ఆహా అన్నారు. సిల్వెస్త్ర్ గ్లాసు ఎత్తి, "ఇలాంటి దేవతను చూసే భాగ్యం..." అని మొదలుపెట్టాడు.

"ఎంతవరకు చూశావురా?" బార్తెలెమీ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. పులుసు గిన్నె ఎగిరిపడింది. "మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ఆడదాని భుజం మీద పుట్టుమచ్చ నీకెలా తెలిసింది?"

ఒదిల్ మొహం పాలిపోయింది. సిల్వెస్త్ర్ బిత్తరపోయి బొమ్మ దగ్గరికి వెళ్లాడు, మచ్చను గోటితో గీకాడు.

"అయ్యా, ఇది ఈగ. వార్నిష్ తడిగా ఉండగా వాలి అంటుకుపోయింది. ఇదిగో, రెక్క."

బార్తెలెమీకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పగలబడి నవ్వాడు. "ఈగా! క్షమించు ఒదిల్, అచ్చం నీ మచ్చలాగే ఉంటేనూ..."

ఒదిల్ నవ్వలేదు. అందరి ముందే బొత్తాలు విప్పి, ఎడమ భుజం మీది బట్ట కాస్త జరిపింది. తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు.

"నాకు మచ్చే లేదండీ. ఎవరి భుజం చూసి నాదనుకున్నారు?"

బార్తెలెమీ పులుసు గిన్నె సర్దబోయాడు. అప్పుడే క్లోతిల్ద్ ఎడమ భుజం మీది శాలువాను గబుక్కున పైకి లాక్కుంది. గోదార్ చెంచా కింద పెట్టి, భార్య వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఒదిల్ "దాంపత్య ప్రేమ"ను తన పడకగదిలోకి మార్పించింది. భర్త పరుపును కింద దుకాణంలోకి.