బుడగ మీద ఇస్త్రీ

ఆ ఉదయం ఇంటాయన వేసుకున్న పథకం చాలా చిన్నది: దేవుడికి దండం పెట్టుకోవడం, కాఫీ తాగడం, కొత్త నేల మీద కాలు పెట్టకపోవడం.

ముందురోజే బావమరిది వచ్చి ముందుగది నేలంతా వినైల్ ఫ్లోరింగ్ షీటు జిగురుతో అతికించి వెళ్ళాడు. అతను సొంతంగా పట్టిన మొదటి పని అది. ఈ సాయంత్రం అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు వచ్చి చూస్తాడు. నచ్చితే మిగతా పన్నెండు ఇళ్ళ పనీ అతనిదే. "జిగురు ఆరేదాకా ఎవరూ తొక్కొద్దు బావా," అని మరీ మరీ చెప్పాడు.

గుమ్మంలో నిలబడి చూస్తే గది నడుమ అరచేయంత బుడగ. తోచింది చేయడానికి దేవుడు చేతులిచ్చాడు సరే, ఊరుకోవడానికి ఏమిచ్చాడో ఇంటాయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి చేతి బొటనవేలితో నొక్కాడు. బుడగ అణిగి, జానెడు అవతల రెండుగా లేచింది.

"ఏమండీ! తొక్కొద్దన్నాడు కదా వాడు!" అంది భార్య.

"తొక్కలేదే. నాణ్యత చూస్తున్నా."

"మోకాళ్ళ మీద పాకితేగానీ కనబడదా?"

ఆయన తల్లి కళ్ళజోడు సవరించుకుంది. "ముడతకి మందు ఇస్త్రీయేరా. తువ్వాలు వేసి పెట్టు, ఏం కాదు."

"అత్తయ్యా, అది చీర కాదు, నేల!"

"ముడత ఎక్కడున్నా ముడతేనమ్మా."

ఇంటాయన తల్లి మాటే విన్నాడు. ఇస్త్రీ చేసి తువ్వాలు తీసి చూస్తే బుడగలు లేవు. వాటి చోట ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ ఉంది.

"మా తమ్ముడి నోటికాడి కూడు మీద ఇస్త్రీ చేశారు కదండీ!"

మచ్చ కప్పడానికి బీరువా లాగారు. అది వచ్చిన దారంతా గీత పడింది. గీత మీదికి సోఫా జరిపారు. సోఫా కాళ్ళు గుంటలు చేశాయి. గుంటల మీదికి బల్ల, బల్ల వెనకే కుర్చీలు. సాయంత్రానికి పెద్దావిడ సోఫా దిగే దారి లేక అక్కడే జపం చేసుకుంటోంది.

బావమరిదితో లోపలికొచ్చిన ప్రెసిడెంటు ఆగిపోయాడు. "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

బావమరిది ముఖంలో నెత్తురుచుక్క లేదు. అది చూశాక ఇంటాయనకు అబద్ధం నోట రాలేదు. "వాడి పనిలో వంక లేదండీ. వంకంతా నా ఓపికలోనే," అని జరిగిందంతా చెప్పేశాడు.

ప్రెసిడెంటు వంగి అంచుల్ని గోటితో గీకాడు. అతుకుల మీద కొట్టి చూశాడు. "జిగురు ఆరకముందే బీరువా లాగారా?"

"లాగామండీ."

"ఇస్త్రీపెట్టె వేడిదేనా?"

"బాగా కాగిందేనండీ."

"అయినా ఒక్క అంచూ లేవలేదే! మనవాళ్ళు పదేళ్ళలో చేసేవన్నీ మీరు ఒక్కపూటలో చేసి చూపించారు." బావమరిది భుజం తట్టాడు. "రేపే మొదలెట్టవయ్యా."

"మరి ఆ బుడగ..." అన్నాడు ఇంటాయన, చిన్నగా.

"ఆరితే దానంతటదే పోయేది బావా!"

మర్నాడు బావమరిది రాసుకొచ్చిన ఒప్పందంలో షరతు ఒక్కటే ఉంది: నేల వేసిన మరుసటి సాయంత్రం వరకు ఇంటి పెద్దలు బయటే ఉండవలెను.